రేవుకు నేను అంటగట్టిన పుట్టుక

నిఘంటువుల పనిలో నేను ముప్పై మూడేళ్ళు ఉన్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం నా అనుభవాలు రాయమని ఒక కాలేజీ తెలుగు శాఖవారు అడిగారు. ఎంతమంది వస్తున్నారండీ అన్నాను. ప్రస్తుతానికి ఇద్దరన్నారు. అందులో ఒకమ్మాయి బ్యాంకు పరీక్ష రాసి ఫలితం కోసం చూస్తోందట. మిగిలిన ఆ ఒక్కరి కోసం రాస్తున్నాను.

నాకొచ్చిన ప్రమోషన్లు, రాని ప్రమోషన్లు, ఎవరి సంతకం కోసం ఎన్నాళ్ళు తిరిగాను, ఇవేవీ ఇందులో లేవు. అవి ఏ ఆఫీసులోనైనా ఒకటే. నేను రాయబోయేది ఒక చిన్న మాట గురించి, ఆ మాటకు నేను కల్పించిన పుట్టుక గురించి. ఆ కల్పన అచ్చయింది, మళ్ళీ మళ్ళీ అచ్చయింది, జనం ఫోన్లలోకి ఎక్కింది. చివరికి కృష్ణ ఒడ్డున కొన్ని మత్స్యకార కుటుంబాలు తరతరాలుగా పడవలు ఆపుకుంటున్న చోటు వాళ్ళ చేతుల్లోంచి పోయే దాకా వచ్చింది. ఆ మాట ‘రేవు’.

చీటీలు, శనివారం టీ

మా కార్యాలయం పటమటలో ఒక టైర్ల షాపు మేడ మీద ఉండేది. ఇప్పటికీ కొత్త టైరు వాసన తగిలితే నాకు అకారాది క్రమం గుర్తొస్తుంది. వ్యవసాయం, నేత, చేపల వేట, వడ్రంగం లాంటి వృత్తుల్లో వాడే మాటలు సేకరించి నిఘంటువు చేయడం మా పని. ఒక్కో మాటకు ఒక్కో చీటీ. చీటీ మీద ఐదు గళ్ళు ఉండేవి. మాట, అర్థం, ఎక్కడ విన్నాం, ఎవరు చెప్పారు, చివరి గడి పుట్టుక. మొదటి నాలుగూ బస్సెక్కి తిరిగితే నిండుతాయి. అయిదోది కుర్చీలో కూర్చుని నింపాలి. నిఘంటువుల్లో అబద్ధాలన్నీ ఆ కుర్చీలోనే పుడతాయి.

మా ప్రధాన సంపాదకులు, మేం పెద్దాయన అనేవాళ్ళం, మహా పండితులు. నాలుగు భాషలు నిద్రలో కూడా తప్పు లేకుండా మాట్లాడగలరు. ఆయన నాకు నేర్పినంత మరెవరూ నేర్పలేదు, ఆయన వల్ల చెడిపోయినంత మరెవరి వల్లా చెడిపోలేదు. ఆయనకున్న బలహీనత ఒకటే, ఖాళీ గడి కంటపడితే అది నిండేదాకా వదిలేవారు కాదు. “తెలియదు అని రాసేందుకైతే మనకు జీతాలెందుకమ్మా? ఆ మాట వీధిలో ఎవరైనా చెబుతారు” అనేవారు.

అందుకని ఆఫీసులో ఒక ఆచారం పెట్టారు. ప్రతి శనివారం సాయంత్రం అందరూ ఆ వారం చీటీలు పైకి చదవాలి. పుట్టుక గడి ఖాళీగా ఉన్న చీటీ ఎవరిదైతే, తర్వాతి వారమంతా ఆఫీసుకు టీ పెట్టే పని వాళ్ళది. సరదాకే పెట్టారు, అందరూ సరదాగానే తీసుకున్నారు, నేను తప్ప.

ఎందుకంటే ఆ ఆఫీసులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఏడుగురు మగవాళ్ళకి టీ పెట్టడానికైతే ఎమ్మే చదవక్కర్లేదు, మా ఇంట్లోనే కావలసినంత మంది ఉన్నారు. ఏమైనా సరే ఈ ఆఫీసులో గిన్నె పట్టకూడదని చేరిన రోజే ఒట్టు పెట్టుకున్నాను. ముప్పై మూడేళ్ళలో ఒక్కసారి కూడా పట్టలేదు. ఆ సంగతి చాలాకాలం గర్వంగా చెప్పుకున్నాను కూడా. మా రామ్మోహన్ గారు మాత్రం వారం తప్పించి వారం టీ పెట్టేవారు. ఆయన మందబుద్ధి అని మాలో మేం నవ్వుకునేవాళ్ళం. ఆయన తనకు తెలియని చోట తెలియదని రాసేవారు, అంతే.

అర్థం అడిగే పద్ధతి

కొత్తవాళ్ళకు పనికొచ్చేది ఒకటి ఇక్కడ చెప్పేస్తాను. మాటలు అడగడానికి వెళ్ళినప్పుడు పని చేస్తున్న మనిషిని ఆపి అడగకండి. నేను మొదట్లో గుణదల తిరునాళ్ళలో కొవ్వొత్తులు అమ్మే ఒకావిడ ఎదురుగా పుస్తకం తెరిచి కూర్చున్నాను. మీరు దీన్నేమంటారు, దాన్నేమంటారు అని వరసపెట్టి అడిగాను. ఆవిడ కాసేపు ఓపిక పట్టి, “దీన్ని బేరం అంటారండి. మీరు అడ్డంగా కూర్చోబట్టి అది జరగట్లా” అంది. లేచి పక్కకు జరిగి నిలబడ్డాను. ఆ పూట నిలబడి విన్నవే ఆ వారం నా చీటీల్లో నమ్మదగినవి.

చేపల వేట మాటల కోసం నన్ను సముద్రం వైపు పంపారు. విజయవాడలో బస్సెక్కి, పామర్రులో దిగి, ఇంకో బస్సు పట్టుకుని, ఆ తర్వాత కృష్ణ కరకట్ట మీద నడవాలి. ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళు ఇప్పటికే నా వల్ల పడిందేదో పడ్డారు. అక్కడ నాంచారమ్మ అనే ఆవిడ పరిచయమైంది. ఇంచుమించు నా ఈడే. భర్త వేటకు పోతాడు, ఆవిడ చేపలు తట్టకెత్తుకుని చుట్టుపక్కల ఊళ్ళలో అమ్ముకొస్తుంది. వలలో ఏ భాగాన్ని ఏమంటారో నాకు ఆవిడే చెప్పింది. నేను తప్పుగా రాసుకుంటే పుస్తకంలోకి చూడకుండానే పట్టుకునేది, తిరిగి చదివించేది.

మూడోసారి వెళ్ళినప్పుడు పడవలు ఆగేచోట నిలబడి, రేవంటే ఏమిటని అడిగాను.

“రేవంటే ఏంటండీ, అట్టా అడుగుతారు? పడవ ఆగేది రేవు. తట్ట దింపేది రేవు. పొద్దున్నే మా ఆయన వలేసుకుని పోతాడు గదా, తిరిగొచ్చిందాకా నేను నిలబడి చూసేది రేవు” అంది.

“ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందంటావు?”

“మా అత్తక్కూడా తెలీదు, మా అత్త వాళ్ళత్తకీ తెలీదు. నాకెట్టా తెలిసిద్దండీ?”

రెండూ ఉన్నవున్నట్టు రాసుకున్నాను. రెండూ నిజమే. చీటీ అక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు.

నర్మదానది కృష్ణలో కలిసిన శనివారం

ఆఫీసుకొచ్చి నాలుగు భాషల నిఘంటువులు తిరగేశాను. కన్నడంలో రేవు ఉంది, ఓడలు ఆగేచోటనే అర్థంలో. తమిళ నిఘంటువులోనూ కనిపించింది గానీ, వాళ్ళ సొంత మాట తురై. మలయాళంలో కడవు. హిందీవాళ్ళకు ఘాట్. పారశీకులు బందర్ అంటారు, ఆ మాట వర్తకులతో పడవెక్కి వచ్చి మన మచిలీపట్నం మీద కూర్చుని ఇక దిగలేదు. ఇంగ్లీషు పోర్టు లాటిన్ నుంచి వచ్చింది. ఒక్క నీటి ఒడ్డుకు ఇన్ని పేర్లు. అందులో మన రేవుకు కన్నడం దాకా దారి కనిపిస్తోంది. ఆ పైన ఎటుపోయిందో నాకు తెలియలేదు.

కాబట్టి చీటీలో రాయవలసింది ఇది: ‘కన్నడంలోనూ కలదు. మూలం తెలియదు.’ ఆ మాటకొస్తే మొదటి వాక్యం రాశాను కూడా. అప్పటికి శనివారం, నాలుగు కావస్తోంది. పక్క బల్ల దగ్గర రామ్మోహన్ గారు తన ఖాళీ చీటీ పక్కన పెట్టుకుని నిశ్చింతగా కూర్చున్నారు. వచ్చే వారం టీ ఆయన ఒక్కరే పెడతారా, ఇద్దరం పెడతామా అన్నది నా చేతిలో ఉంది.

నర్మదకు సంస్కృతంలో రేవా అనే పేరుంది. చెవికి దగ్గరగా ఉంది. ఆ రెంటికీ సంబంధం ఉందని చెప్పే ఆధారం ఒక్కటీ నా దగ్గర లేదు. అయినా నా చెయ్యి ఆగలేదు. ‘సంస్కృత రేవా శబ్దభవము. మొదట పవిత్ర నదీస్నాన స్థలము. తరువాతి కాలమున పడవలు నిలుపుచోటు అను హీనార్థమున వాడుకకు వచ్చినది’ అని రాసేశాను. హీనార్థం అన్నది ఎవరూ అడగలేదు. అబద్ధానికి కాస్త వివరం ఉంటే నమ్ముతారని అప్పటికే తెలుసు.

పెద్దాయన చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “శభాష్ తల్లీ! నర్మదను తెచ్చి కృష్ణలో కలిపావు” అన్నారు. నాంచారమ్మ చెప్పిన అర్థాన్ని మాత్రం పెన్సిలుతో కొట్టేశారు. “ఇది అర్థం కాదమ్మా, ఆవిడ దినచర్య” అన్నారు. నేను చీటీ తీసుకెళ్ళి కట్టలో పెట్టేశాను. టీ తప్పింది కదా.

పోలికలు చూసి మురిసిపోకండి

మా అపార్టుమెంటులో ఒక రిటైర్డు ఇంజనీరు గారున్నారు. ఇంగ్లీషు రివర్ మన రేవు నుంచే పుట్టిందని ఆయన కనిపెట్టారు. లిఫ్టులో నన్ను ఆపి చెప్పారు. రివర్ మూలం లాటిన్‌లో గట్టు అనే అర్థమున్న మాటండీ, మన రేవుతో దానికి చుట్టరికం లేదు అన్నాను. “గట్టే కదా మేడమ్, రేవు గట్టునే కదా ఉండేది!” అన్నారు. ఫ్రెంచిలో రివ్ అంటే ఒడ్డు, రెవ్ అంటే కల అని చెప్పి ఇంకా పెద్ద తప్పు చేశాను. మర్నాటికల్లా మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో అవి రెండూ కూడా తెలుగువైపోయాయి. ప్రపంచంలో ఏ రెండు భాషలు తీసుకున్నా చెవికి దగ్గరగా ఉండే మాటలు కొన్ని దొరుకుతాయి. వాటి రాతలు వెతకాలి, ఏ కాలంలో ఎవరు వాడారో చూడాలి, మధ్యలో దారి కనబడాలి. అది లేకపోతే పోలిక పోలికే.

ఇలా ఆయనకు పాఠం చెప్పిన నేనే, కొన్నాళ్ళకు అదే గ్రూపులో ఒక శుభోదయం సందేశం చూశాను. తామరపువ్వు బొమ్మ కింద ‘మీకు తెలుసా? రేవు అంటే పడవలు ఆగేచోటు కాదు, పవిత్ర స్నాన స్థలం!’ అని ఉంది. నా వాక్యమే, కాస్త వేషం మార్చుకుని. ఫోన్లో రేవు అని వెతికి చూశాను. ఎక్కడ చూసినా అదే. ఒకరిది చూసి ఒకరు రాసుకున్నారు, అందరూ కలిసి ఒకరికొకరు సాక్ష్యం. నిజం చెప్పాలంటే సిగ్గు కన్నా ముందు సంతోషం వేసింది. నలుగురి నోట పడింది కదా అని. అది తప్పని అప్పుడే ఒక్క ముక్క రాయవలసింది, రాయలేదు. బొటనవేలు బొమ్మ కూడా పెట్టాను.

శాలువా పిలుపు

పోయిన ఏడాది ఒకాయన ఫోన్ చేశారు. రిటైర్డు హెడ్మాస్టారు, వాళ్ళ ఊళ్ళో నది ఒడ్డు సుందరీకరణ కమిటీకి అధ్యక్షులు. “మేడమ్, మీరు మాకు చేసిన మేలు మరిచిపోలేనిదండీ. మీకు చిన్న సన్మానం చేయాలనుకుంటున్నాం” అన్నారు. నేనెప్పుడు చేశానండీ అని అడిగితే సంగతంతా చెప్పారు.

వాళ్ళ ఊరి రేవులో పడవలు, వలలు, చేపల తట్టలు. అవన్నీ తీసేసి మెట్లు కట్టి, టైల్స్ వేసి స్నానఘట్టం చేయాలని కమిటీ దరఖాస్తు పెట్టింది. పడవలను దిగువకు పొమ్మంటున్నారు. అక్కడంతా బురద. పోటు తీసి నీళ్ళు వెనక్కి పోయినప్పుడు పడవ ఒడ్డుదాకా రాదు, ఆడవాళ్ళు మోకాటి లోతు ఒండ్రులో తట్టలు మోయాలి. మత్స్యకారులు ఒప్పుకోలేదు. ఇది మొదట్నించీ మా రేవే అన్నారు. దానికి కమిటీ జవాబుగా మా నిఘంటువు పేజీ జిరాక్సు తీసి జతచేసింది. ఆ చోటు పేరే రేవు, రేవంటేనే స్నాన స్థలం, పడవలు తర్వాత వచ్చి ఆక్రమించినవి అని. అధికారి ఒకరు వచ్చి ఇరుపక్షాల మాటా వింటారు. ఆ రోజే నాకు శాలువా.

ఊరు ఏదని అడిగాను. చెప్పారు. నాంచారమ్మ ఊరే.

ఆ సాయంత్రం రామ్మోహన్ గారికి ఫోన్ చేశాను. పెద్దాయన పోయి చాలాకాలమైంది, ఆ చీటీ సంగతి తెలిసినవాళ్ళం మేమిద్దరమే మిగిలాం. ఒక్క తప్పు ఒప్పుకుంటే మన నిఘంటువు ఆరు సంపుటాలూ అనుమానం అయిపోతాయేమోనండీ అన్నాను. పెద్దాయన పేరు పోతుందన్నాను. ఆయన అంతా విని, “పెద్దాయన పేరు గురించేనా మీ దిగులు?” అన్నారు. కాదు, నా పేరు గురించి కూడా అన్నాను. “అయితే వెళ్ళి చెప్పండి మేడమ్. నేను మీకన్నా ఎక్కువ టీలు పెట్టాను, నాకేం తక్కువైంది?” అన్నారు. జీవితంలో ఆయన నన్ను ఎత్తిపొడిచింది అదొక్కసారే.

షామియానా కింద

ఒడ్డునే షామియానా వేశారు. ఒక పక్క కమిటీవాళ్ళు తెల్లబట్టల్లో, ఇంకో పక్క మత్స్యకారులు. అధికారి కుర్రాడు, మర్యాదస్తుడు. హెడ్మాస్టారు నా వాక్యాన్ని పద్యంలా చదివారు. హీనార్థము అన్న చోట కాస్త ఆగి పడవల వైపు చూశారు కూడా.

తట్ట బోర్లించి దాని మీద కూర్చున్న ముసలావిడ నన్నే చూస్తోంది. జుట్టు తెల్లబడింది, మోకాళ్ళు వంగాయి, చూపు మాత్రం అదే. “మీరు వలల పేర్లు రాసుకెళ్ళిన అమ్మగారు గదా?” అంది. అవునన్నాను. “ఆ పంతులు గారు చదివింది మీ పుస్తకమేనంట. నిజమేనా?” అంది. దానికీ అవుననే చెప్పవలసి వచ్చింది. నాంచారమ్మ ముఖం నీళ్ళ వైపు తిప్పుకుంది.

నన్ను మాట్లాడమన్నారు. రాసుకెళ్ళిన కాగితం తీయలేదు. “రేవుకూ నర్మదానదికీ సంబంధం ఉందని నేను రాశాను. దానికి ఆధారం లేదు. అది నేను ఊహించి రాసింది. ఊహ అని కూడా అనకూడదు, కల్పించాను. మొదట స్నాన స్థలం, తర్వాత పడవలు అన్న వరస కూడా నా కల్పనే. రేవంటే పడవలు ఆగేచోటని ఇదే ఒడ్డున నాకు చెప్పారు. వాళ్ళు చెప్పింది కొట్టేసి నాది అచ్చువేశాం” అన్నాను.

హెడ్మాస్టారు చప్పట్లు కొట్టారు. “చూశారా సార్, పండితుల వినయం ఇలా ఉంటుంది!” అన్నారు.

“వినయం కాదండీ, అబద్ధం” అన్నాను.

అధికారి ఇబ్బందిగా కదిలారు. “అయితే మేడమ్, అసలు మూలం ఏంటో చెప్పండి. అది నోట్ చేసుకుంటాను” అన్నారు.

“తెలియదండీ.”

“అంటే... ప్రస్తుతానికి తెలియదనా?”

“నాకు తెలియదు. కన్నడంలోనూ ఉంది. అంతకు మించి తెలియదు.”

అబద్ధం రాశానన్నప్పుడు కన్నా ఇప్పుడు ఆయన ఎక్కువ కంగారు పడ్డారు. “నిఘంటువు రాసినవారే తెలియదంటే ఫైల్లో ఏం రాయమంటారు మేడమ్?”

నాంచారమ్మ తట్ట మీద నుంచి లేవకుండానే అందుకుంది. “తెలియదనే రాయండి సారూ. తెలియనప్పుడు మేం అట్టాగే చెప్తాం, మాకేం నోరు పడిపోలా.”

ఆయన నవ్వేశారు. నా మాట రాతపూర్వకంగా కావాలన్నారు. అక్కడే ఒక తెల్లకాగితం మీద రాసిచ్చాను. నిఘంటువులో ఏ మాట ఎవరు రాశారో పేరు ఉండదు, సంతకం ఉండదు. అన్నేళ్ళు రాసినవాటిలో నేను సంతకం పెట్టింది ఆ ఒక్కదానికే.

అధికారి ఒడ్డు వెంబడి అటూ ఇటూ నడిచి చూశారు. దిగువ బురదలోకి స్వయంగా దిగి, చెప్పు ఒకటి అందులోనే వదిలి వచ్చారు. నా కాగితం కన్నా ఆ చెప్పే ఎక్కువ పని చేసిందేమో. పైవైపు ఖాళీ ఒడ్డుంది కదా, మెట్లు అక్కడ కట్టుకోండి, పడవల చోటు పడవలదేనని రాస్తాను అన్నారు. మత్స్యకారులు కేకలు వేయలేదు, పండగ చేసుకోలేదు. లేచి వలలు సర్దుకోవడానికి వెళ్ళిపోయారు. హెడ్మాస్టారి చేతిలో శాలువా ఉండిపోయింది. నాకు కప్పలేరు, దాచుకోలేరు. చివరికి అధికారికి కప్పారు.

నేను నాంచారమ్మ దగ్గరకు వెళ్ళాను. క్షమించమని అడగాలనే వెళ్ళాను. తీరా టీ సంగతి చెప్పాను. ఆఫీసులో టీ పెట్టాల్సి వస్తుందని అలా రాశానని. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

“మా ఆయన పోయి ఎనిమిదేళ్ళండీ. మా అబ్బాయి పడవ ఇక్కడే ఆగిద్ది. ఇది పోతే ఆడు బోటు అమ్మేసి బెజవాడ పోతానన్నాడు, ఏదో ఒక కొట్లో చేరతానని. నెల నించి నిద్రల్లేవు మాకు” అంది. ఆ తర్వాత, “ఇట్టాంటివి ఇంకెన్ని రాశారమ్మగారూ?” అని అడిగింది.

“గుర్తున్నవి పదకొండు” అన్నాను.

“గుర్తు లేనియ్యో?” అంది నాంచారమ్మ.